క్షేత్రమా, బీజమా? ‘దానవీరశూరకర్ణ’ చిత్రంలో దుర్యోధనుని కులఖండన తర్కం

హైదరాబాదులో కృష్ణానగర్‌కూ ఫిల్మ్‌నగర్‌కూ మధ్య దూరం చాలా తక్కువ. జూబ్లీహిల్స్ కొండవాలు కింద, కృష్ణానగర్ ఇరుకు గదుల్లో అవకాశాల కోసం ఎదురుచూసే నటులు పైనున్న నిర్మాణసంస్థల కార్యాలయాలకు వెళ్లేటప్పుడు కంఠస్థం చేసుకొని వెళ్లే సంభాషణల్లో ముందువరుసలో నిలిచేది ఒకటుంది. పాఠశాల వార్షికోత్సవాల్లో, కళాశాలల ఏకపాత్రాభినయ పోటీల్లో కూడా అదే వినిపిస్తుంది. 1977 జనవరి 14న విడుదలైన ‘దానవీరశూరకర్ణ’లో, కుమారాస్త్రవిద్యా ప్రదర్శన సందర్భంలో, కర్ణుని కులాన్ని ప్రశ్నించిన ఆచార్యునికి దుర్యోధనుడిచ్చిన సమాధానమది. రామకృష్ణ సినీ స్టూడియోస్ పతాకంపై ఈ చిత్రాన్ని నిర్మించి, దర్శకత్వం వహించి, కర్ణ దుర్యోధన శ్రీకృష్ణ పాత్రలు మూడింటినీ ధరించినవారు నందమూరి తారక రామారావు (1923–1996). సంభాషణలు కొండవీటి వేంకటకవి (1918–1991) రచించారు.

ఈ సన్నివేశంపై ఇప్పటికే చాలా ప్రశంస వచ్చింది. వాచికాన్ని, సమాస బంధాన్ని, ఊపిరి తిప్పుకోని ధారను మెచ్చుకొన్నవారే ఎక్కువ. ఇది ఒక వాదమనీ, దానికి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ ఉన్నాయనీ, అది నిలుస్తుందో లేదో పరీక్షించవచ్చుననీ భావించినవారు తక్కువ. కులాన్ని కాదనే తెలుగు వాదాలలో సామాన్య ప్రేక్షకుని నాలుకపై ఇంతగా నిలిచినది మరొకటి లేదు. అందువల్ల అది ఏమి నిరూపిస్తుంది, ఏమి నిరూపించదు అన్నది కేవలం సినిమా విమర్శకు పరిమితమైన ప్రశ్న కాదు.

వాద నిర్మాణం

సంభాషణలో మొదట ఒక విభజన ఉంది. అక్కడ జరుగుతున్నది పరాక్రమానికి పరీక్షా, పుట్టుకకు పరీక్షా అని దుర్యోధనుడు అడుగుతాడు. పరాక్రమానికే అయితే కర్ణుని తండ్రి ఎవరన్న ప్రశ్న అప్రస్తుతం. పుట్టుకకే అయితే, ఆ పరీక్షను సభలో అందరికీ పెట్టాలి. ఈ రెండో వికల్పం నుంచే ప్రసిద్ధమైన వంశావళి మొదలవుతుంది. ద్రోణుడు కుండలో పుట్టాడు. భీష్ముడు గంగకు పుట్టాడు. వసిష్ఠుడు ఊర్వశి కొడుకు. అతనికి అరుంధతి యందు శక్తి, శక్తికి పరాశరుడు, పరాశరునికి మత్స్యగంధి యందు వ్యాసుడు, వ్యాసునికి అంబిక, అంబాలిక, దాసి యందు ధృతరాష్ట్ర పాండు విదురులు కలిగారు. ఇన్ని సంకరాల తరువాత కురువంశానికి కులమెక్కడిదన్నది నిగమనం.

న్యాయశాస్త్ర పరిభాషలో ఇది ప్రసంగం: ప్రతివాది ఒప్పుకొన్న సూత్రాన్నే తీసుకొని, దానివల్ల అతనికే అనిష్టమైన ఫలితం కలుగుతుందని చూపడం. ప్రసంగానికి ఒక సౌలభ్యం ఉంది, ఒక పరిమితి ఉంది. వాది తనదంటూ ఏ సిద్ధాంతాన్నీ స్థాపించనవసరం లేదు. కానీ స్థాపించడు కనుకనే, వాదం ముగిశాక అతని చేతిలో మిగిలేది ప్రతివాది ఓటమి మాత్రమే.

మూలంలో ఈ ఘట్టం వేరుగా సాగుతుంది. సంస్కృత మహాభారతం ఆదిపర్వంలో కర్ణుని వంశం అడిగేది కృపుడు. దుర్యోధనుడు వెంటనే వాదానికి దిగడు. సత్కులంలో పుట్టినవాడు, శూరుడు, సేనను నడపగలవాడు అని రాజత్వానికి మూడు మూలాలున్నాయని చెప్పి, అప్పటికప్పుడు కర్ణునికి అంగరాజ్యం ఇస్తాడు. తరువాత అధిరథుడు చెమటలు కక్కుతూ రావడం, కర్ణుడు అభిషేకంతో తడిసిన తలను వంచి అతనికి నమస్కరించడం, భీముడు గేలి చేయడం జరుగుతాయి. అప్పుడు గాని దుర్యోధనుని వాదం రాదు. అంటే మూలంలో కిరీటం ముందు, వాదం తరువాత. రాజ్యమిచ్చినా పుట్టుక ప్రశ్న చావలేదు కనుక వాదం అవసరమైంది. చిత్రంలో ఈ క్రమం తిరగబడింది. వాదం ముందు వచ్చి, అంగరాజ్య పట్టాభిషేకంతో ముగుస్తుంది. నాటకీయతకు ఇది మేలే చేసింది, తర్కానికి మాత్రం చేటు చేసింది. కులం వ్యర్థమని అంత గట్టిగా చెప్పినవాడు మరుక్షణమే కర్ణునికి ఒక హోదా కల్పించి అర్హుణ్ణి చేస్తున్నాడు. హోదా లేకపోతే అర్హత లేదన్న ప్రత్యర్థి నియమాన్ని ఆ పట్టాభిషేకం ఆమోదించినట్లే అయింది.

తెలియని మూలం, తెలిసిన మూలం

మూలంలోని వాదం స్వభావం కూడా వేరు. నదుల పుట్టుకను, శూరుల పుట్టుకను తెలుసుకోవడం కష్టమన్నది అక్కడి ప్రధాన హేతువు. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కొలువున ఆంధ్రమహాభారతాన్ని ప్రారంభించిన నన్నయ ఈ భావాన్నే తెలుగు చేస్తూ సురల పుట్టుకను కూడా ఆ జాబితాలో చేర్చాడు. సంస్కృతంలో నీటి నుంచి అగ్ని, దధీచి ఎముకల నుంచి వజ్రం, నలుగురి సంతానంగా చెప్పబడే కుమారస్వామి, క్షత్రియులుగా పుట్టి బ్రాహ్మణులైన విశ్వామిత్రాదులు ఉదాహరణలు. కుండలో పుట్టిన ద్రోణుడు, రెల్లులో పుట్టిన కృపుడు కూడా ఆ వరుసలో ఉన్నారు, అయితే వారు ఒక భాగం మాత్రమే. ఈ దృష్టాంతాలలో ఎక్కువ వాటిలో నింద లేదు. మూలం తెలియనంత మాత్రాన వజ్రం వాడి తగ్గదు.

చిత్రంలోని వాదం దీనికి దాదాపు వ్యతిరేక దిశలో నడుస్తుంది. అక్కడ మూలం తెలియకపోవడం హేతువు కాదు, మూలం అందరికీ తెలిసి ఉండడమే హేతువు. తల్లుల పేర్లు, వారి స్థితులు ఒక్కొక్కటిగా సభలో చదవబడతాయి. దేవవేశ్య, పంచమ కన్య, పల్లె పడుచు, విధవ, దాసి అన్న స్థితులు మచ్చలు అయితేనే ఆ వాదం పనిచేస్తుంది. మత్స్యగంధికి పుట్టడం తక్కువ కాదని భావించే శ్రోతకు ఈ జాబితాలో ఆక్షేపించదగినది ఏదీ కనిపించదు. కనుక వంశావళి భాగం కులతారతమ్యాన్ని తొలగించడం లేదు. దాన్ని యథాతథంగా నిలిపి, పైవారినందరినీ దాని ప్రకారమే కిందికి దించుతున్నది. దీనిని కళంక సమీకరణం అనవచ్చు. ఆ సమీకరణానికి మూల్యం చెల్లించేవారు సభలో లేని స్త్రీలు. వారిలో ఒక్కరి పరాక్రమం గాని, నిర్ణయం గాని, బాధ గాని అక్కడ ప్రస్తావనకు రాదు.

ప్రేక్షకాగారంలో చప్పట్లు పడేది సరిగ్గా ఈ భాగానికే అన్నది గుర్తుంచుకోదగిన సంగతి.

వజ్రసూచి నుంచి థియేటిటస్ దాకా

ఋషుల పుట్టుకలను ఏకరువు పెట్టి జన్మకులాన్ని ఖండించే పద్ధతి వేంకటకవితో మొదలైనది కాదు. 108 ఉపనిషత్తులలో ఒకటైన వజ్రసూచికోపనిషత్తు బ్రాహ్మణుడంటే ఎవరని ప్రశ్నించి, జీవుడా, దేహమా, జాతియా, జ్ఞానమా, కర్మమా, ధార్మికుడా అని వికల్పాలు కల్పించి ఒక్కొక్కదాన్ని కాదంటుంది. జాతి కాదనే చోట లేడికి పుట్టిన ఋష్యశృంగుడు, దర్భలో పుట్టిన కౌశికుడు, పుట్టలో పుట్టిన వాల్మీకి, కైవర్తకన్యకు పుట్టిన వ్యాసుడు, ఊర్వశికి పుట్టిన వసిష్ఠుడు, కుండలో పుట్టిన అగస్త్యుడు వస్తారు. చిత్రంలోని వంశావళికి ఇది దగ్గరి పూర్వరూపం. అశ్వఘోషుని పేరుతో ప్రచారంలో ఉన్న బౌద్ధ వజ్రసూచి ఇంకా విస్తృతమైనది. అది చైనీయ భాషలోకి వెళ్లింది, అక్కడ ధర్మకీర్తి రచనగా పరిగణింపబడింది. 17వ శతాబ్దిలో బహిణాబాయి అదే ఆలోచనను మరాఠీ అభంగాలలో పలికించింది. 1839లో లాన్సెలాట్ విల్కిన్సన్ బౌద్ధ వజ్రసూచిని అచ్చు వేసినప్పుడు, దానిని ఖండిస్తూ సుబాజీ బాపు రాసిన సమాధానం కూడా అదే గ్రంథంలో చేరింది. వాదాన్నీ దాని ఖండననూ ఒకే అట్టల మధ్య ఉంచిన ఆ పద్ధతి తెలుగు ప్రచురణల్లో అరుదు.

బౌద్ధ వజ్రసూచి ఋషుల జాబితాతో ఆగదు. ఆవు అడుగుకూ ఏనుగు అడుగుకూ తేడా కనిపిస్తుంది గాని, బ్రాహ్మణుని అడుగుకూ శూద్రుని అడుగుకూ కనిపించదని చెబుతుంది. ఇది కళంకం మీద ఆధారపడిన హేతువు కాదు. ఎవరినీ కిందికి దించకుండా, ఆ విభాగమే ప్రకృతిలో లేదని చూపుతున్నది. పాలి సుత్తనిపాతంలోని వాసెట్ఠ సుత్తం కూడా ఇదే మాట అంటుంది: గడ్డికి, చెట్టుకు, పక్షికి జాతిలక్షణాలున్నాయి, మనుషులలో అటువంటి భేదం లేదు.

పాలి గ్రంథాలలో ఈ చర్చకు అతి సమీపమైనది మజ్ఝిమనికాయంలోని అస్సలాయన సుత్తం. శ్రావస్తికి చెందిన పదహారేళ్ల బ్రాహ్మణ విద్యార్థి అస్సలాయనుడు బుద్ధునితో వాదానికి వస్తాడు. యోన కాంభోజ దేశాల్లో దొర, దాసుడు అని రెండే వర్ణాలున్నాయనీ, అక్కడ దొర దాసుడు కావచ్చు, దాసుడు దొర కావచ్చుననీ బుద్ధుడు గుర్తు చేస్తాడు. యోనులంటే గ్రీకులు. ఒక సమాజం తన ఏర్పాటును సృష్టినియమంగా భావిస్తున్నప్పుడు, మరో సమాజంలో ఆ ఏర్పాటు లేదని చూపడం ఇక్కడి పద్ధతి. పరసంస్కృతిని ప్రమాణంగా తెచ్చిన తొలి భారతీయ తర్కాలలో దీనిని చేర్చవచ్చు. ఆ సుత్తంలోనే అసిత దేవలుడు ఏడుగురు బ్రాహ్మణ ఋషులను అడుగుతాడు: మీ తల్లి, ఆమె తల్లి, అలా ఏడు తరాల దాకా బ్రాహ్మణునితోనే కలిశారని మీకు తెలుసా? తెలియదని వారు ఒప్పుకొంటారు. ఈ ప్రశ్నలో తల్లుల ప్రసక్తి ఉన్నా నింద లేదు. వారు తప్పు చేశారని అతడు అనడు. మీకు తెలియదు కదా అంటాడు, అంతే.

గ్రీకు పక్షాన ప్లేటో ‘థియేటిటస్’లో సోక్రటీసు ఇరవై అయిదు తరాల పూర్వీకులను లెక్కపెట్టి హెరాక్లీసు దాకా చేర్చుకొని గర్వించేవారిని చూసి నవ్వుతాడు. ఎవరికైనా లెక్కలేనంతమంది పూర్వులుంటారు, వారిలో ధనికులు, బిచ్చగాళ్లు, రాజులు, బానిసలు, గ్రీకులు, అన్యదేశీయులు అందరూ ఉంటారు. దుర్యోధనుని వంశావళి చెప్పేదీ ఇదే. ఒక్క తేడా ఉంది. సోక్రటీసుకు బానిస పూర్వుడు సిగ్గుపడవలసిన విషయం కాదు, గర్వాన్ని నవ్వుతో పోగొట్టే విషయం.

మహాభారతంలోనే ఈ తర్కానికి మరో ప్రవక్త ఉన్నాడు. అరణ్యపర్వంలో కొండచిలువ రూపంలో భీముణ్ణి చుట్టుకొన్న నహుషునికి సమాధానమిస్తూ ధర్మరాజు, అన్ని వర్ణాల సంకరం వల్ల జాతిని నిర్ణయించడం దుష్కరమనీ, శీలమే ప్రధానమనీ చెబుతాడు. సంకరం నుంచి దుర్యోధనుడు అందరూ కులహీనులే అన్న ముగింపుకు వస్తే, ధర్మరాజు నడతను చూడండి అన్న ముగింపుకు వచ్చాడు. హేతువు ఒక్కటే, నిగమనాలు రెండు.

మరుగున పడిన హేతువు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి చిత్రంలోని వాదం బలహీనమైనదని తోచవచ్చు. అలా తేల్చివేస్తే వేంకటకవికి అన్యాయం జరుగుతుంది. వంశావళి ముగిసేచోట, సాధారణంగా నటుడు ఊపిరి పీల్చుకొనే జాగాలో, క్షేత్ర బీజ ప్రాధాన్యాల ప్రస్తావన ఒకటి ఉంది. అవసరాన్ని బట్టి ఒకసారి క్షేత్రానికి, ఒకసారి బీజానికి ప్రాధాన్యమిచ్చి ఈ వంశం నడిచిందన్నది దాని తాత్పర్యం. ఏకపాత్రాభినయంలో చాలామంది పరుగెత్తి దాటేసే ఈ పదబంధంలోనే అసలు తర్కం ఉంది.

వంశావళి వాదానికి ధర్మశాస్త్రాల దగ్గర సమాధానం లేకపోలేదు. మనుస్మృతి పదో అధ్యాయం కొందరు బీజాన్ని, కొందరు క్షేత్రాన్ని, మరికొందరు రెంటినీ మెచ్చుకొంటారని చెప్పి, బీజప్రభావం చేతనే జంతువులకు పుట్టినవారు కూడా ఋషులై పూజలందుకొన్నారు కనుక బీజమే ప్రశస్తమంటుంది. లేడి కొడుకు ఋషి ఎలా అయ్యాడన్న వజ్రసూచి ప్రశ్నకు ఇది నేరుగా ఇచ్చిన సమాధానంలా ఉంటుంది. తొమ్మిదో అధ్యాయం స్త్రీ భర్త గుణాలను పొందుతుందనీ, సముద్రంలో కలిసిన నది వలెననీ చెప్పి, హీనజన్మురాలైనా వసిష్ఠుని చేపట్టి పూజ్యురాలైన అక్షమాలను ఉదాహరిస్తుంది. కనుక మత్స్యగంధి, అరుంధతుల పేర్లు చదివినంత మాత్రాన సనాతన వాది ఓడిపోడు. బీజం ఋషిది, అది చాలు అంటాడు.

అక్కడే క్షేత్ర బీజ ప్రస్తావన పనిచేస్తుంది. బీజమే ప్రమాణమైతే ధృతరాష్ట్ర పాండు విదురులు ముగ్గురూ వ్యాసుని సంతానం కనుక ముగ్గురూ ఒకే వర్ణం కావాలి, పైగా బ్రాహ్మణులు కావాలి. హస్తినాపుర సింహాసనం మీద వారికి హక్కు ఉండదు. క్షేత్రమే ప్రమాణమైతే ధృతరాష్ట్ర పాండురాజులు క్షత్రియులవుతారు గాని, వ్యాసుడు పల్లెవాడవుతాడు, అతని ఋషిత్వానికి జన్మాధారం పోతుంది. వ్యాసుని విషయంలో బీజాన్ని, ధృతరాష్ట్రుని విషయంలో క్షేత్రాన్ని పట్టుకొంటే నియమం మిగలదు, సౌకర్యం మిగులుతుంది. ఇది ఉభయతఃపాశం. ఎటు లాగినా ముడి బిగుస్తుంది. విదురుడు ఆ సభలోనే కూర్చుని ఉండడం వల్ల ఈ తర్కానికి ప్రత్యక్ష సాక్ష్యం కూడా ఉన్నది. అన్నలిద్దరితో సమానమైన బీజం, వారికంటే మిన్న అయిన వివేకం ఉన్నా, తల్లి దాసి కనుక రాజ్యానికి పనికిరాడని ఆదిపర్వమే చెబుతుంది.

నియోగంలో పుట్టిన కొడుకు క్షేత్రం గలవానికే చెందుతాడన్న న్యాయంతో సనాతన వాది తప్పించుకోజూడవచ్చు. అయితే కన్యగా ఉన్నప్పుడు పుట్టినవాడు తల్లిని పెండ్లాడినవానికి చెందుతాడన్న నియమం కూడా అదే మనుస్మృతిలో ఉంది. ఆ లెక్కన వ్యాసుడు శంతనుని కొడుకు కావాలి, కర్ణుడు పాండురాజు కొడుకు కావాలి. దుర్యోధనునికి తెలియని ఈ రెండో ఫలితం కృష్ణునికి తెలుసు.

ఈ హేతువు ఎవరి తల్లినీ తక్కువ చేయదు. ప్రమాణం అస్థిరంగా ఉందని మాత్రమే చూపుతుంది. అందువల్లనే ఇది బలమైనది, అందువల్లనే జనరంజకం కాలేకపోయింది. వేంకటకవి హేతువాది. త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) ‘కురుక్షేత్ర సంగ్రామం’, ‘శంబుకవధ’ నాటకాలలో పురాణాన్ని ప్రతిపక్షం వైపు నుంచి విచారించిన సంప్రదాయం కోస్తాంధ్రలో అప్పటికే ఉన్నది. ధర్మశాస్త్రాన్ని ధర్మశాస్త్రంతోనే ఢీకొట్టే పద్ధతి ఆ సంప్రదాయం నుంచి తెరమీదికి వచ్చింది. జనం నిలుపుకొన్నది పద్ధతిని కాదు, తిట్టును.

గెలుపు కోసం వాదం

న్యాయసూత్రాలు కథను వాద, జల్ప, వితండాలుగా విభజిస్తాయి. తత్త్వనిర్ణయం కోసం సాగేది వాదం. గెలుపు కోసం సాగేది జల్పం. జల్పంలో ఛలం, జాతి, నిగ్రహస్థానాలు వాడవచ్చు. (ఇక్కడ ‘జాతి’ అంటే పైపై సామ్యం మీద ఆధారపడి చెప్పే దుష్ట ప్రత్యుత్తరం. కులచర్చ సందర్భంలో ఈ పారిభాషిక పదం యాదృచ్ఛికంగానైనా చక్కగా అమరింది.) దుర్యోధనుని సమాధానం జల్పమనడానికి ఒక్క ఆధారం చాలు. అస్త్రవిద్యా ప్రదర్శనకు ముందే ఏకలవ్యుని ఉదంతం నడిచింది. నిషాదుని కొడుకైనందున విద్య నిరాకరింపబడి, నేర్చుకొన్నందుకు బొటనవేలు పోగొట్టుకొన్నవాడు అతడు. పుట్టుకకూ పరాక్రమానికీ సంబంధం లేదనడానికి అంతకంటే పదునైన ఉదాహరణ లేదు. ఆ బొటనవేలు అడిగిన ఆచార్యుడు ఎదుటనే ఉన్నాడు. మూలంలో గాని చిత్రంలో గాని దుర్యోధనుడు ఆ పేరు ఎత్తడు. అతనికి కావలసింది అర్జునునికి సమఉజ్జీ అయిన ఒక విలుకాడు. అటువంటివాడు దొరికినచోట కులం వ్యర్థమయింది, అవసరం లేనిచోట ఆ ప్రస్తావనే రాలేదు.

ఒకే ముఖం, మూడు సమాధానాలు

తారక రామారావు మూడు పాత్రలు ధరించడాన్ని నటనా వైభవంగా చూడడం వాడుక. తర్కదృష్టితో చూస్తే అందులో మరో విశేషం ఉంది. జన్మ గురించి మహాభారతం ఇచ్చే మూడు సమాధానాలు ఒకే ముఖం నుంచి వస్తున్నాయి. దుర్యోధనుని సమాధానం ప్రదర్శన రంగంలో వినిపించింది. కృష్ణుని సమాధానం ఉద్యోగపర్వంలో ఉంది. తిక్కన 13వ శతాబ్దిలో తెలుగు చేసిన ఆ ఘట్టంలో, రాయబారం విఫలమయ్యాక కృష్ణుడు కర్ణుణ్ణి రథమెక్కించుకొని కానీనపుత్ర న్యాయాన్ని చెబుతాడు: నీవు ధర్మశాస్త్రం ప్రకారం పాండుపుత్రుడివి, జ్యేష్ఠుడివి, రాజ్యం నీది. అంటే జన్మను కాదనడం కృష్ణుని పద్ధతి కాదు, సరైన జన్మను వెలికితీయడం అతని పద్ధతి. కథానిర్మాణం కూడా అతని పక్షానే ఉంది. కర్ణుడు సూతుడు కాడు, సూర్యపుత్రుడు, కుంతీపుత్రుడు అని తేలడంతో, అతని శౌర్యానికి కారణం పుట్టుకే అన్న సంతృప్తి ప్రేక్షకునికి కలుగుతుంది. దుర్యోధనుని వాదాన్ని కథ నిశ్శబ్దంగా రద్దు చేస్తుంది.

ఈ సంతృప్తి తరువాతి తెలుగు సినిమాకు పెట్టుబడి అయింది. అజ్ఞాతంగా పెరిగిన నాయకుడు ద్వితీయార్ధంలో ఒక పెద్ద ఇంటి రక్తంగా బయటపడే కథలు, ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘చెన్నకేశవరెడ్డి’ (2002) వంటి, కులసూచకాన్ని పేరులోనే మోసిన చిత్రాలు దీనికి సాక్ష్యం. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైన నాటినుంచి మద్రాసు వదిలి క్రమంగా ఈ కొండల మీద స్థిరపడిన పరిశ్రమలో నందమూరి, అక్కినేని, దగ్గుబాటి, ఘట్టమనేని, కొణిదెల కుటుంబాల రెండు, మూడు తరాలు నాయక స్థానాల్లో ఉన్నాయి. వారిలో ప్రతిభావంతులు లేరని దీని అర్థం కాదు. అయితే పరాక్రమానికి పరీక్షా, పుట్టుకకు పరీక్షా అన్న ప్రశ్నను కృష్ణానగర్ నుంచి వచ్చిన యువకుడు ఆ కార్యాలయంలో ఆవేశంగా పలికినప్పుడు, అది వాచిక పరీక్షగానే తీసుకోబడుతుంది. ప్రశ్నగా వినబడదు.

మూడో సమాధానం కర్ణునిది. కృష్ణుడు చూపిన న్యాయాన్ని అతడు ఖండించడు. తాను కుంతి కొడుకునని ఒప్పుకొంటాడు. అయినా రాధ తనను చూసిన క్షణాన ఆమెకు పాలు చేపుకొచ్చిన సంగతి, ఆమె తన మలమూత్రాలు ఎత్తి పెంచిన సంగతి, అధిరథుడు తనకు జాతకర్మ చేయించి పేరు పెట్టించిన సంగతి, తాను సూతకన్యలను పెండ్లాడి బిడ్డలను కన్న సంగతి వరుసగా చెప్పి, భూమండలమంతా ఇచ్చినా ఈ బంధాన్ని అబద్ధం చేయలేనంటాడు. ఇందులో ప్రసంగం లేదు, ప్రతివాదిని పడగొట్టడం లేదు. క్షేత్రం, బీజం అన్న రెండు వికల్పాల వెలుపల పెంపకమనే మూడో పక్షాన్ని తెచ్చి నిలబెట్టడం ఉంది. దుర్యోధనుని జాబితాలో మచ్చలుగా చదవబడిన తల్లుల వరుసకు ఎదురుగా, ఇక్కడ ఒక సూతస్త్రీ పేరు గౌరవంగా పలకబడింది. ఏకపాత్రాభినయ పోటీల్లో ఈ ఘట్టం వినిపించదు. దీనికి గొంతు పెంచే అవకాశం లేదు.